లైసెన్స్ వచ్చేసిందని నాన్నకి చెప్పేశా, ఇంకా రెండు పేపర్లు అలాగే ఉన్నాయి

ఈ వారం ఉత్తరం గుంటూరు బ్రాడీపేట నుంచి. రాసిన అమ్మాయికి 32 ఏళ్ళు, పేరు వెయ్యొద్దంది, ఊరు వేసినా పర్లేదంది. నాలుగు పేజీలు రాసింది, కుదించి చెప్తున్నా.

ఇక్కడ బీఆర్క్ చేసి, అమెరికా వెళ్ళి ఎమ్మార్క్ చేసి, ఆరేళ్ళుగా కాలిఫోర్నియాలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. అక్కడ ఆర్కిటెక్ట్ అనిపించుకోవాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. 3,740 గంటల పని అనుభవం రికార్డులో ఎక్కించాలి, ఏఆర్‌ఈ అని ఆరు పేపర్ల పరీక్ష పాసవ్వాలి, అదయ్యాక రాష్ట్రం విడిగా పెట్టే సీఎస్‌ఈ అనే ఇంకో పరీక్ష రాయాలి. ఈ అమ్మాయికి గంటలు పూర్తయ్యాయి, ఆరింట్లో నాలుగు పేపర్లు అయ్యాయి. పీపీడీ, అంటే ప్రాజెక్ట్ ప్లానింగ్ అండ్ డిజైన్ పేపర్, రెండుసార్లు పోయింది. పీడీడీ, అంటే ప్రాజెక్ట్ డెవలప్‌మెంట్ అండ్ డాక్యుమెంటేషన్, ఒకసారి పోయింది.

అసలు ముడి ఇక్కడ కాదు. వాళ్ళ నాన్న ఆర్ అండ్ బీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ క్రితం ఆయనకి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మాట కూడా సరిగ్గా తిరగని స్థితిలో వీడియో కాల్‌లో అడిగిన మొదటి మాట "పరీక్ష అయిపోయిందా అమ్మా" అట. సరిగ్గా ఆ రోజు పొద్దున్నే పీపీడీ ఫెయిలైనట్టు రిజల్ట్ వచ్చింది. "అయిపోయింది నాన్నా" అనేసింది. అది లైసెన్స్ వచ్చిందిగా మారి, చుట్టాల దాకా వెళ్ళి, ఇప్పుడు ఈ అమ్మాయి సెలవు పెట్టి ఇంటికొచ్చేసరికి న్యూస్‌పేపర్లో చుట్టి బీరువాలో పెట్టిన ఇత్తడి బోర్డు కనిపించింది. పేరు, కింద ఆర్కిటెక్ట్, దాని కింద ఇంకో వరసలో కాలిఫోర్నియా. నాన్న దాన్ని సంక్రాంతికి గేటు పక్కన బిగించాలని కూతురి కోసం ఆపి ఉంచారు. దానికి తోడు నాన్న స్నేహితుడొకాయన తాడేపల్లిలో మూడంతస్తుల ఇల్లు కడుతూ, "మన అమ్మాయే ఉండగా బయటి వాళ్ళెందుకు, ప్లాన్ మీద సంతకం పెట్టేస్తుందిలే" అని కాగితాలు తెచ్చి ఇంట్లో పెట్టి వెళ్ళారు.

ఇంక మిగతావి. మొదటి పేపరు పాసై వచ్చే జూన్‌కి ఐదేళ్ళు నిండుతాయి, అది రద్దయిపోతుందని సీనియర్ ఎవరో చెప్పారట, ఆ భయంతో నిద్ర పట్టట్లేదు. భర్త "జీతం వస్తోంది కదా, వదిలెయ్" అంటున్నాడు. అమ్మ పిల్లల గురించి అడుగుతోంది. ఫిబ్రవరి 10కి పీపీడీ బుక్ చేసుకుంది, మూడు వేల ఫ్లాష్ కార్డులు ఉన్నాయి, పుస్తకం తెరిస్తే పేజీ తిరగట్లేదు. "నాన్నకి నిజం చెప్పాలా, లేక ఎలాగోలా పాసైపోయి ఆ అబద్ధాన్నే నిజం చేసెయ్యాలా మేడమ్? ఆ బోర్డు ఏం చెయ్యను?" అని అడిగింది.

తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. విజయవాడలో మా ఇంట్లో కూర్చుని చదువుతున్నా గానీ నేనూ ఆ పరీక్ష అక్కడే రాసినదాన్ని కాబట్టి నువ్వు చెప్పని కొన్ని సంగతులు కూడా నాకు అర్థమయ్యాయి. ఒక్కొక్కటిగా చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ తాడేపల్లి కాగితాలు. మిగతా అన్నింట్లో నీకు దార్లు చూపిస్తా, నువ్వే ఎంచుకో, ఈ ఒక్కదాంట్లో మాత్రం సంతకం పెట్టొద్దనే చెప్తా. ఇక్కడ ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలంటే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, నువ్వు బీఆర్క్ అవ్వగానే చేయించుకున్నావు గానీ అమెరికా వెళ్ళాక రెన్యువల్ కట్టలేదని నువ్వే రాశావు. పైగా మన దగ్గర ప్లాన్ ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఎల్టీపీగా, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌గా, లాగిన్ ఉండాలి. అది ఉన్నవాళ్ళ పేరు మీదే అప్రూవల్ నడుస్తుంది, రేపు సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, తేడా వచ్చినా స్లాబ్ పగిలినా ముందు అడిగేది వాళ్ళనే. నువ్వు జనవరి చివర్లో విమానం ఎక్కుతావు, పునాది తవ్వేది ఆ తర్వాత. సైటు చూడకుండా సంతకం పెట్టడం అక్కడైనా ఇక్కడైనా తప్పే. ఆయనకి చెప్పడానికి నీకు అబద్ధం కూడా అక్కర్లేదు. "బాబాయ్, నేనిక్కడ ఉండను, దగ్గరుండి చూసేవాళ్ళు పెడితేనే మీ ఇంటికి మంచిది, ప్లాన్ మాత్రం ఒకసారి చూసి నాకు తోచింది చెప్తా" అను. అందులో ప్రతి మాటా నిజమే.

రెండోది ఆ ఐదేళ్ళ గడువు. దీని గురించి నువ్వు పోగొట్టుకున్న నిద్రంతా అనవసరం తల్లీ, ఆ సీనియర్ ఎప్పటి సంగతో చెప్పారు. ఆ రోలింగ్ క్లాక్ నియమాన్ని ఎన్‌కార్బ్ అనే, ఈ పరీక్ష నడిపే సంస్థ వాళ్ళు 2023 ఏప్రిల్ 30తో తీసేశారు. ఇప్పుడు ఏ వెర్షన్‌లో పాసయ్యావో ఆ వెర్షన్ నడిచినన్నాళ్ళూ, దాని తర్వాతి వెర్షన్ నడిచినన్నాళ్ళూ నీ పేపరు చెల్లుతుంది. నువ్వు రాసేది 5.0. అంటే నీ నాలుగు పేపర్లూ జూన్‌లో ఎక్కడికీ పోవు. నీ అకౌంట్‌లోకి వెళ్ళి నీ రికార్డు, లైసెన్స్ ఇచ్చే మీ స్టేట్ బోర్డు నియమం నీ కళ్ళతో నువ్వే చూసుకో, ఈ రాత్రే చూసుకో. జూన్ అనేది తలకాయలోంచి వెళ్ళిపోతే మిగతావి ఆలోచించడానికి కాస్త చోటు దొరుకుతుంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తా. నేను రాసేటప్పుడు 4.0 వెర్షన్, ఏడు పేపర్లు, ఒకటి పోతే మళ్ళీ రాయడానికి ఆరు నెలలు ఆగాలి, ఇప్పుడు మీకు 60 రోజులే. నాకు స్ట్రక్చరల్ సిస్టమ్స్ పోయింది. రిజల్ట్ పోస్టులో కవర్ వచ్చేది. ఆ కవర్ తీసుకెళ్ళి పట్టుచీర మడతలో పెట్టేశా, ఇంట్లో ఎవరడిగినా ఇంకా రాలేదన్నా. అప్పుడు మా అమ్మ మా దగ్గరికొచ్చి ఉంది. ఒకరోజు చీరలు ఎండలో వేస్తానని తీసింది, కవర్ కింద పడింది, ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ ఫెయిల్ అనే మాట చదవగలదు కదా. నా దగ్గరికొచ్చి "ఇందుకేనా నెల్లాళ్ళ నుంచి అన్నం కెలుకుతున్నావు" అంది. అంతే, ఇంకేం అనలేదు, మళ్ళీ చీరలు మడత పెట్టుకుంటూ కూర్చుంది. నేను ఆ నెల మొత్తం బీమ్‌ల గురించి ఒక్క పేజీ కూడా చదవలేదు, పుస్తకం ముందు కూర్చుని చదివినట్టు కనిపించడమే చేశా. అందుకే నీకు పేజీ ఎందుకు తిరగట్లేదో నాకు తెలుసు. మామూలు వాళ్ళకి ఆ పేపరు ఒక పరీక్ష, నీకేమో నాన్నకి చెప్పిన మాటకి సాక్ష్యం. ప్రతి తప్పు జవాబుకీ మార్కు పోయినట్టు కాక దొరికిపోయినట్టు అనిపిస్తుంటే ఎవరికి మాత్రం బుర్ర పనిచేస్తుంది?

అలా అని పరీక్ష పోవడానికి కారణం ఆ అబద్ధం ఒక్కటే కాదు. నువ్వు పంపిన స్కోర్ రిపోర్టులు మూడూ పక్కపక్కన పెట్టి చూశా. నువ్వు వాటిని విడివిడిగా చూసి ఏడ్చావు గానీ కలిపి చూడలేదనుకుంటా. పీపీడీలో రెండుసార్లూ ఎన్విరాన్‌మెంటల్ కండిషన్స్, బిల్డింగ్ సిస్టమ్స్ అండ్ మెటీరియల్స్ ఈ రెండు భాగాలే తక్కువ, కోడ్స్, అంటే కట్టడాల నియమాల భాగం, బాగానే ఉంది, ఖర్చుల భాగం బాగానే ఉంది. పీడీడీలో మెటీరియల్స్, సిస్టమ్స్ ఒకదాంతో ఒకటి కలిసే భాగమే పోయింది. అంటే మూడు రిపోర్టుల్లోనూ ఉన్నది ఒకే చిల్లు. దాని పక్కన నువ్వు చేసే ఉద్యోగం పెట్టి చూడు. ఆరేళ్ళుగా మీ ఆఫీసులో నీకు ఇచ్చింది టెనెంట్ ఇంప్రూవ్‌మెంట్ పనులు, అంటే కట్టేసిన బిల్డింగ్ లోపల ఆఫీసులకి పార్టిషన్లు, సీలింగులు, తలుపులు. కాంట్రాక్టులు చూశావు, పర్మిట్లు చూశావు, సైటులో కాంట్రాక్టరుతో మాట్లాడావు, అందుకే ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, కన్‌స్ట్రక్షన్ పేపర్లు మొదటిసారే అయ్యాయి. బయటి గోడ ఎలా కడతారో, వాన నీళ్ళు ఎక్కడ ఆపుతారో, పునాదికి పక్కన డ్రెయిన్ ఎందుకు వేస్తారో నీ చేతి కింద నుంచి ఒక్కసారీ వెళ్ళలేదు. నీకు తెలివి తక్కువై కాదు, ఆ పని నీ దాకా రాలేదు. ఇది ఎంత చదివినా ఫ్లాష్ కార్డుతో పూడేది కాదు.

మన ఊళ్ళల్లో చదువుకున్న పిల్లలకి ఒక అలవాటుంటుంది, నీకూ ఉంది, నాకూ ఉండేది. ఇంటర్లో హాస్టల్లో కూర్చోబెట్టి ఎంసెట్‌కి బిట్లు రుద్దించి ఆదివారం ఆదివారం టెస్టు పెట్టి ర్యాంకులు గోడకి అంటించారు, దాంతో పరీక్ష అంటే ప్రశ్న చూడగానే జవాబు గుర్తురావడమే అని చేతికి పట్టేసింది. నీ మూడు వేల కార్డులూ అవే బిట్లు. పీపీడీ అలా అడగదు. వంద ప్రశ్నలు, 4 గంటల 5 నిమిషాలు, ఒక్కో దానికి రెండున్నర నిమిషాలు కూడా రావు, అందులో కేస్ స్టడీలుంటాయి, ఒక బిల్డింగ్ డ్రాయింగులూ కోడ్ పేజీలూ ఇచ్చి ఇప్పుడు నువ్వేం చేస్తావు అంటారు. సరైనవన్నీ టిక్ పెట్టమనే ప్రశ్నల్లో ఒకటి తప్పినా మొత్తం పోయినట్టే. అక్కడ గుర్తుండటం కాదు, కారణం తెలియాలి.

ఒక ఉదాహరణ చెప్తా, నీ కార్డుల్లో ఖచ్చితంగా ఉండే ఉంటుంది, వేపర్ రిటార్డర్, అంటే తేమని ఆపే పొర, గోడకి లోపలి వైపు వెయ్యాలి అని. ఆ కార్డు చలి ప్రాంతానికి కరెక్టు. మిన్నెసోటాలో లోపల వెచ్చగా ఉంటుంది, తడి గాలి లోపల్నుంచి బయటికి పోతూ గోడ మధ్యలో చల్లటి చోట నీళ్ళవుతుంది, అందుకని లోపలే ఆపుతారు. ఇప్పుడు అదే కార్డు పట్టుకుని ఫ్లోరిడా ప్రశ్నకి జవాబు పెడితే పోతుంది. ఎందుకో నీకు గుంటూరు ఇల్లే చెప్తుంది. వర్షాకాలంలో రాత్రంతా ఏసీ వేసుకుని పడుకుని పొద్దున్నే కిటికీ తెర తీస్తే అద్దం మీద చెమట ఏ పక్కన ఉంటుంది? బయటి పక్కన. లోపల్నుంచి వేలితో తుడిస్తే పోదు. తడి బయట ఉంది, చల్లదనం లోపల ఉంది, తడి లోపలికి తోసుకొస్తుంది. మనవాళ్ళు ఈ మధ్య బెడ్‌రూముల్లో వినైల్ వాల్‌పేపర్ అంటించి ఏసీ వేసుకుంటారు, రెండేళ్ళకి మూల లేచి చూస్తే వెనకాల నల్లగా బూజు, వాసన. మేస్త్రీని తిడతారు. బయట్నుంచి వచ్చిన తేమ గోడ దాటి ఆ వాల్‌పేపర్ దగ్గర ఆగిపోయింది, ఎండడానికి దారి లేదు. ఫ్లోరిడా లాంటి చోట్ల హోటల్ గదుల్లో ఇదే జరుగుతుంది. ఈ ఒక్కటి నీ బెడ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి అర్థం చేసుకుంటే పాతిక కార్డులు అవతల పారెయ్యొచ్చు. తేమ ఎటునుంచి ఎటు వెళ్తోంది అని అడుగు, జవాబు అదే వస్తుంది.

ఎండ కూడా అంతే. మన గుంటూరు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద నుంచి కొంచెం ఉత్తరానికి ఉంటాడు, అందుకే మనకి ఉత్తరం గోడక్కూడా సన్‌షేడ్ కావాలి. లాస్ ఏంజెలెస్ 34 దగ్గర ఉంది, అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాదిలో ఒక్కరోజు కూడా ఉత్తరానికి రాడు, డిసెంబర్‌లో అయితే కొన్ని రోజులు 33 డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు, దక్షిణం కిటికీలోంచి గది చివరిదాకా వస్తాడు. నువ్వు చిన్నప్పట్నుంచి ఒంటికి తెలిసిన ఎండ ఒకటి, పరీక్షలో అడిగే ఎండ ఇంకొకటి. రెండూ పక్కపక్కన గీసుకుంటే రెండూ గుర్తుంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఏ ఇంట్లోకి ఎంత ఎత్తున నీళ్ళొచ్చాయో మా ఊళ్ళో ప్రతివాళ్ళూ గోడ మీద గీత చూపిస్తారు. ఫ్లడ్ ఎలివేషన్‌కి (వరద నీళ్ళు ఎక్కే ఎత్తుకి) పైన ఫ్లోర్ లెవెల్ పెట్టాలి అని పుస్తకంలో చదివిన వాక్యానికి ఆ గీత తోడైతే ఇంక మర్చిపోవు.

అందుకని ఇక్కడున్న ఈ వారాలు కార్డులు పక్కన పెట్టి రోజుకొక వాల్ సెక్షన్, అంటే గోడని నిలువుగా కోస్తే లోపల కనిపించే పొరల బొమ్మ, గియ్యమంటా. చేత్తో, కాగితం మీద. మన ఇళ్ళు కాంక్రీట్ ఫ్రేము, మధ్యలో ఇటుక, పైన ప్లాస్టరింగ్, అది నీకు పుట్టుకతో తెలుసు. వాళ్ళ గోడ చెక్క స్టడ్‌లు, మధ్యలో ఇన్సులేషన్, పైన షీతింగ్ పలకలు, వాటి మీద నీళ్ళు ఆపే పొర, కొంచెం ఖాళీ, ఆపైన క్లాడింగ్, అంటే బయటికి కనిపించే తొడుగు. ఒక్కో పొరా ఎందుకుందో, తీసేస్తే ఏమవుతుందో పక్కన తెలుగులోనే రాసుకో. కిటికీ కింద నీళ్ళు బయటికి జార్చే ఫ్లాషింగ్ రేకు ఎటు వంచాలి, పిట్టగోడ పైన కప్పే కోపింగ్ ఎటు వాలాలి, ఇలాంటివి. ఆ గీసేటప్పుడు నాన్న పక్కన కూర్చో. ఆయన జీవితమంతా టీ స్క్వేర్‌తో ట్రేసింగ్ పేపర్ మీద ఇంక్‌తో సెక్షన్లు గీసిన మనిషి, "ఈ లైను ఎందుకమ్మా ఇలా వెళ్ళింది" అని ఆయన అడిగే ప్రశ్న ఏ కోచింగ్ వీడియో అడగదు. చెయ్యి వణికినా కన్ను మర్చిపోదు.

పీపీడీ, పీడీడీ రెండింట్లో సిలబస్ చాలా కలుస్తుంది, ఒకదానికి చదివింది రెండోదానికి పనికొస్తుంది. ఫిబ్రవరి 10 తేదీ ఉంచుకుని, దాని వెనకాలే రెండు మూడు వారాల్లో పీడీడీ పెట్టుకుంటే చదివింది వేడిగా ఉంటుంది. కాకపోతే రెండూ పోతే ఒకేసారి రెండు దెబ్బలు. లేదా ఫిబ్రవరి వదిలేసి ఏప్రిల్‌కి జరిపితే, వెళ్ళగానే ఆఫీసులో మీ ప్రాజెక్ట్ మేనేజర్‌ని అడిగి బయటి గోడలున్న ఏదైనా ప్రాజెక్టులో మూడు నెలలు వేయించుకోవచ్చు, సైటుకి పంపమని అడగొచ్చు. అడగడానికి మొహమాటపడకు, లైసెన్స్ పరీక్ష కోసం అని అడిగితే అక్కడ చాలా ఆఫీసుల్లో తప్పుగా అనుకోరు. నాకైతే ఈ రెండో దారే బాగుందనిపిస్తుంది, ఎందుకంటే నీ చిల్లు అనుభవంలో ఉంది. కానీ తేదీ దగ్గర్లో ఉంటేనే చదివే మనిషివైతే మొదటిదే పట్టుకో. ఏదైనా సరే ఎన్‌కార్బ్ అకౌంట్‌లో ప్రతి పేపరుకీ ఉచితంగా ప్రాక్టీస్ ఎగ్జామ్ ఉంటుంది, దాన్ని ఇప్పుడే చేసి పాడుచేసుకోకు, పరీక్షకి రెండు వారాల ముందు ఫోను అవతల పెట్టి నాలుగ్గంటలూ కదలకుండా కూర్చుని రాయి.

ఇంకోటి, ఆరు పేపర్లయితే అయిపోయినట్టే అని నీ ఉత్తరంలో ఎక్కడో రాశావు. సీఎస్‌ఈ ఉంది తల్లీ. అది కాలిఫోర్నియా సొంత సంగతులు అడుగుతుంది. 1933లో లాంగ్ బీచ్ భూకంపంలో స్కూళ్ళు కూలిపోతే నెల తిరిగేసరికి ఫీల్డ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, అందుకే ఈరోజుకీ అక్కడ ప్రభుత్వ స్కూలు డ్రాయింగులు స్టేట్ ఆర్కిటెక్ట్ విభాగం చూడాలి. 1971లో శాన్ ఫెర్నాండోలో ఆసుపత్రి కూలితే 1973లో ఆసుపత్రులకి వేరే చట్టం వచ్చింది. సముద్రం ఒడ్డున కట్టాలంటే కోస్టల్ కమిషన్ అనుమతి, పర్యావరణానికి 1970 నాటి సీక్వా చట్టం. ఇవి కథలుగా చదివితే తేలిగ్గానే ఎక్కుతాయి, నాకు అన్నిటికంటే ఇష్టంగా చదివింది ఆ పేపరే. కానీ దానికి కూడా కొన్ని నెలలు వేసుకో. అంటే అన్నీ సాఫీగా జరిగినా లైసెన్స్ నంబరు చేతికొచ్చేసరికి వచ్చే ఏడాది చివరవుతుంది. సంక్రాంతికి మాత్రం రాదు. "పాసైపోయి నిజం చేసేస్తా" అన్న నీ రెండో దారి ఎంత పొడుగో లెక్క వేసుకోవడానికే ఇది చెప్పా.

మీ ఆయన వదిలెయ్ అనడంలో నాకు చెడు కనిపించలేదు, నువ్వు ఏడుస్తుంటే చూడలేక అంటున్నాడేమో. వదిలెయ్యడం కూడా ఒక దారే, దాన్ని ఓటమి కింద లెక్కేసి కొట్టిపారెయ్యకు. లైసెన్స్ లేకుండా పెద్ద ఆఫీసుల్లో జీవితమంతా మంచి డిజైన్ చేసినవాళ్ళు నాకు తెలుసు. అక్కడి చట్టం కూడా చెక్క ఫ్రేముతో కట్టే రెండంతస్తులు మించని మామూలు ఇళ్ళు లైసెన్స్ లేనివాళ్ళు డిజైన్ చేసుకోడానికి ఒప్పుకుంటుంది. కానీ ఆర్కిటెక్ట్ అన్న మాట కార్డు మీద వేసుకోలేవు, నీ పేరుతో ఆర్కిటెక్ట్ ఆఫీసు పెట్టలేవు, సంతకం ఎప్పుడూ ఇంకొకరిదే. ఇది నీకు నలభై ఐదేళ్ళప్పుడు ఎలా ఉంటుందో ఆలోచించుకుని చెప్పు అతనికి. పిల్లల సంగతి మీ ఇద్దరిదే, పరీక్ష అయ్యేదాకా ఆగాలని రూలేం లేదు, రేపు పేపర్ల మధ్యలో బిడ్డ పుట్టినా పాసైన నాలుగూ అలాగే ఉంటాయని ఇందాకే చెప్పా కదా. వెనక్కొచ్చి ఇక్కడే ప్రాక్టీస్ పెట్టుకోవడం కూడా ఉంది. రిజిస్ట్రేషన్ మళ్ళీ బతికించుకోడానికి పరీక్షేం లేదు, బాకీ ఫీజులు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ పని దొరుకుతుంది గానీ ఫీజు వసూలు చెయ్యడం కష్టం, చుట్టాలైతే అసలివ్వరు, అదీ తెలుసుకుని రావాలి.

ఇంక నాన్న.

చెప్పకుండా ఉండొచ్చు. ఆయన ఆరోగ్యం చూసి ఆగుతున్నానంటే నిన్ను ఎవరూ తప్పు పట్టరు. కాకపోతే బోర్డు బిగుస్తుంది, తాడేపల్లి బాబాయ్ లాంటి వాళ్ళు ఇంకో నలుగురొస్తారు, ప్రతిసారీ ఇంకో అబద్ధం కావాలి. ఎప్పుడో చుట్టాల్లో అమెరికాలో ఉన్న కుర్రాడెవడో లైసెన్స్ ఇచ్చే స్టేట్ బోర్డు వెబ్‌సైటులో నీ పేరు వెతికితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, అక్కడ అది ఎవరైనా చూసుకోవచ్చు. అప్పుడు నాన్నకి ఆ సంగతి నీ నోటితో కాకుండా వేరేవాళ్ళ నోటితో తెలుస్తుంది. నాకు అన్నింటికంటే భయం అదే.

అమ్మకి ముందు చెప్పడం ఇంకో దారి. మన ఇళ్ళల్లో చాలా సంగతులు అలాగే నడుస్తాయి, అమ్మ ఆయనకి ఏ పూట మనసు బాగుంటుందో చూసి మెల్లిగా వేస్తుంది. నీకు తేలిక. కానీ ఆ రోజు ఫోన్‌లో "అయిపోయింది నాన్నా" అన్న గొంతు నీది. దాన్ని సరిచేసేది కూడా ఆ గొంతే అయితే ఆయనకి బాగుంటుందేమో అని నా మనసు. అమ్మకి ముందు చెప్పి, ఆమె పక్కనుండగా నువ్వే చెప్పడం కుదురుతుందేమో చూడు. అంతకు ముందు ఆయన్ని చూసే డాక్టర్‌ని ఒక మాట అడుగు, బీపీ ఎలా ఉంది, ఏదైనా బాధపెట్టే మాట చెప్పొచ్చా అని. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, వాళ్ళకి ఇలాంటివి రోజూ ఉంటాయి.

చెప్పేటప్పుడు మొత్తం ఉత్తరం చదివినట్టు చెప్పకు. "నాన్నా, ఆ రోజు మీరు ఆసుపత్రిలో ఉన్నారు, అదే రోజు పేపర్ పోయింది, మీకు చెప్పలేకపోయా. ఆరింట్లో నాలుగయ్యాయి, రెండున్నాయి, తర్వాత స్టేట్‌ది ఒకటుంది, రాస్తున్నా." ఇంతే. ఇందులో సాకు లేదు, పూర్తయిన నాలుగు పేపర్లూ ఉన్నాయి, మిగిలిన పనీ ఉంది. ఆయన కోపం పడొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, ఊళ్ళో చెప్పుకున్నానే అని బాధపడొచ్చు, అవన్నీ ఆయన హక్కు, నువ్వు ఆ రెండు రోజులూ ఎదురు చెప్పకుండా ఇంట్లోనే ఉండు. ఇక్కడ డిగ్రీ అవ్వగానే రిజిస్ట్రేషన్ ఇచ్చేస్తారు కాబట్టి అక్కడి పరీక్ష ఎంత పెద్దదో ఆయనకి తెలిసే అవకాశం లేదు. పీపీడీ రిపోర్టు తీసి చూపించు, ప్రశ్నలు ఎలా ఉంటాయో చెప్పు. చూసి అర్థం చేసుకోగల మనిషే ఆయన.

బోర్డు గురించి. పైన రెండు వరసలున్నాయన్నావు కదా, పేరు, ఆర్కిటెక్ట్. నువ్వు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటే ఆ రెండు వరసలూ గుంటూరులో అక్షరాలా నిజం, చట్టప్రకారం నిజం. అబద్ధం ఉన్నది మూడో వరసలోనే. బీసెంట్ రోడ్డు దగ్గర ఇత్తడి పలకలు చెక్కేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, మీ అరండల్‌పేటలోనూ ఉంటారు. చెక్కిన అక్షరం చెరగదు గానీ కింద పట్టీ కోసేసి అంచు సాపు చేసిమ్మంటే చేసిస్తారు. లేదంటే కొత్త పలక చేయించు, పెద్ద ఖర్చేం కాదు. రిజిస్ట్రేషన్ కాగితం వచ్చాకే బిగించండి, సంక్రాంతికి అందకపోతే ఉగాదికి బిగిస్తారు, నాన్నకి అది నువ్వే చెప్పు. కొత్తది చేయిస్తే మాత్రం కింద ఒక వరస పట్టేంత చోటు వదలమని చెప్పు.